ఒకే ఇంట్లో రెండు వైఫై పాయింట్లు: ఏ పరికరం దేనికి కలవాలో నిర్ణయించే మార్గాల్లో ఏది ఎంచుకోవాలి?

కింద హాల్లో ఇంటర్నెట్ కంపెనీ బిగించిన రౌటర్, పై అంతస్తులో మనం కొని పెట్టుకున్న మరో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ పంపే పెట్టె; ఇకపై రౌటర్‌నైనా దీన్నైనా ‘పాయింటు’ అనే అంటాను), రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. రెండంతస్తుల ఇళ్లలో ఇప్పుడు ఇది మామూలు ఏర్పాటే. అయినా పై గదిలో ఉన్న ల్యాప్‌టాప్ పక్కనే ఉన్న పాయింటును కాదని శ్లాబు కిందనున్న రౌటర్‌నే పట్టుకుని ఉంటే, రెండోది ఉండీ లేనట్టే అవుతుంది. దీన్ని సరిచేసే మార్గాలు చాలానే ఉన్నాయి. కొన్ని పరికరంలో చేసేవి, కొన్ని రౌటర్‌లో చేసేవి, కొన్ని అసలు వైఫైనే పక్కన పెట్టేవి. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది ముందుగా ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంటుందని నా నిశ్చితాభిప్రాయం: ఆ పరికరం ఇంట్లో తిరిగేదా, ఒకేచోట ఉండేదా? తిరిగే ఫోనును ఒక పాయింటుకు కట్టేయడమూ, కదలని టీవీని దాని ఇష్టానికి వదిలేయడమూ రెండూ పొరపాట్లే.

నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది

మొబైల్ నెట్‌వర్క్‌లో ఫోను మాట్లాడుతుండగా ఒక టవర్ నుంచి మరో టవర్‌కు మార్చేది నెట్‌వర్కే. వైఫైలో అలా కాదు. వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం ప్రకారం ఏ పాయింటులో చేరాలి, ఎప్పుడు వదలాలి అన్నది పరికరమే తేల్చుకుంటుంది. రౌటర్ చేయగలిగినవి మూడే పనులు: ఫలానా పాయింటు బాగుందని సూచించడం, చేరడానికి వచ్చిన పరికరాన్ని వద్దనడం, చేరిన పరికరాన్ని బయటికి పంపడం. ‘మెష్’ (ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే పాయింట్ల సెట్టు) అని డబ్బా మీద రాసి ఉన్నా, ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఈ నియమం మారదు.

పరికరం ఎలా నిర్ణయించుకుంటుందో ఒక ఉదాహరణతో దగ్గరగా చూద్దాం. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. అది రుణ సంఖ్య కాబట్టి -45 అంటే చాలా బలం, -80 అంటే చాలా బలహీనం. ఆపిల్ సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం ఐఫోన్ తాను పట్టుకున్న పాయింటు సిగ్నల్ -70 కంటే కిందికి పడేదాకా మరోదాని కోసం వెతకదు. వెతికాక కూడా, డేటా నడుస్తున్నప్పుడైతే కొత్త పాయింటు కనీసం 8 డెసిబెల్స్ (రెండు డీబీఎం అంకెల మధ్య తేడా), ఊరికే ఉన్నప్పుడైతే 12 డెసిబెల్స్ బలంగా ఉంటేనే మారుతుంది. మ్యాక్ కంప్యూటర్లకు వెతుకులాట మొదలయ్యే గీత -75. ఇప్పుడు హాల్లో ఫోను వాడుతున్న మనిషి మెట్లెక్కి పై గదికి వచ్చారనుకోండి. అక్కడ కింది రౌటర్ సిగ్నల్ -68 అందుతోంది, బల్ల పక్కనున్న పాయింటుది -45. మన కంటికి రెండోదే మేలని స్పష్టంగా తెలుస్తోంది. కానీ -68 ఇంకా -70 గీత దాటలేదు కనుక ఫోను అసలు వెతకనే వెతకదు. అందులో ఫోను లోపమేమీ లేదు. మాటిమాటికీ వెతికితే బ్యాటరీ తరిగిపోతుందని, కాల్ తెగుతుందని అలా చేశారు. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ విండోస్ ల్యాప్‌టాప్‌లలోనూ ఈ గీతలు తయారీదారును బట్టి, చిప్‌ను బట్టి మారుతుంటాయి.

ఈ ఒక్క ఉదాహరణ అర్థమైతే కింది మార్గాల్లో ఏది ఎందుకు పనిచేస్తుందో, ఏది ఎందుకు బెడిసికొడుతుందో సులభంగా తెలుస్తుంది.

ఏదైనా మార్చేముందు

ఇప్పుడు పరికరం దేనికి కలిసి ఉందో చూడకుండా సెట్టింగులు మార్చడం వృథా. వైఫై పేరు ఒకటే కావచ్చు గానీ, ప్రతి పాయింటుకూ, అందులో ప్రతి బ్యాండుకూ (2.4, 5 గిగాహెర్ట్జ్ వంటి రేడియో పట్టీకి) బీఎస్‌ఎస్‌ఐడీ అనే వేరువేరు చిరునామా ఉంటుంది. రెండు బ్యాండ్ల పాయింట్లు రెండుంటే ఒకే పేరు వెనుక నాలుగు చిరునామాలున్నట్టు లెక్క. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్‌ష్ వ్లాన్ షో ఇంటర్‌ఫేసెస్’ (netsh wlan show interfaces) అనే ఆదేశం ఇస్తే కలిసి ఉన్న పాయింటు చిరునామా, ఛానెల్, సిగ్నల్ శాతం కనిపిస్తాయి. ఆ శాతాన్ని డీబీఎంలోకి మార్చుకోవడం తేలిక: మైక్రోసాఫ్ట్ నిర్వచనం ప్రకారం 0 శాతం అంటే -100, 100 శాతం అంటే -50, మధ్యలో సమానంగా పెరుగుతుంది, అంటే 60 శాతం దగ్గర -70 ఉన్నట్టు. మ్యాక్‌లో ఆప్షన్ మీటను నొక్కిపట్టి పైనున్న వైఫై గుర్తు మీద క్లిక్ చేయాలి. ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ వంటి ఉచిత యాప్ ఏదైనా సరిపోతుంది. ఐఫోన్‌కు ఆపిల్ వారిదే ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ ఉంది. దాని వైఫై స్కానర్‌ను ముందుగా ఫోను సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి.

రెండో సంగతి మరింత ముఖ్యం. పై అంతస్తులోనిది పాత రౌటరైతే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే ఇచ్చి, మిగతా పని ప్రధాన రౌటర్‌కే వదిలే అమరికలో) పెట్టారా లేదా చూసుకోవాలి. రౌటర్ మోడ్‌లోనే వదిలేసి రెండింటికీ ఒకే పేరు పెడితే, పాయింటు మారిన ప్రతిసారీ పరికరం వేరే నెట్‌వర్క్‌లోకి వెళ్లినట్టవుతుంది, ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో పరికరానికి ఇచ్చే నంబరు) చెల్లదు, నడుస్తున్న కాల్ తెగిపోతుంది. కింది అంతస్తు ప్రింటర్ పై అంతస్తు ల్యాప్‌టాప్‌కు కనిపించకపోవడానికి కూడా చాలాసార్లు కారణమిదే. ఆ మోడ్ లేని రౌటరైతే అందులో డీహెచ్‌సీపీని (పరికరాలకు ఐపీ చిరునామాలు పంచే పనిని) ఆపేసి, దాని చిరునామా ప్రధాన రౌటర్ చిరునామాతో కలవకుండా మార్చి, కింది నుంచి వచ్చే వైరును వాన్ పోర్టుకు (ఇంటర్నెట్ వైరు పెట్టేది) కాకుండా లాన్ పోర్టుకు (ఇంట్లోని పరికరాల వైర్లు పెట్టేది) పెట్టాలి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో రెండు పాయింట్లకూ 1, 6, 11 ఛానెళ్లలో వేరువేరువి ఇవ్వాలి. ఇవి సరిగా లేనప్పుడు కింద చెప్పే ఏ మార్గమూ పూర్తిగా ఫలించదు.

పాయింటుకో పేరు పెట్టడం

అన్నిటికన్నా పాతదీ సులభమైనదీ ఇదే. కింద ఒక పేరు, పైన ఒక పేరు. ఏ రౌటర్‌లోనైనా కుదురుతుంది, పైసా ఖర్చు లేదు, ఏ పరికరం దేనికి కలిసిందో చూడగానే తెలుస్తుంది. కదలని పరికరాలకు నేను మొదట సిఫారసు చేసేది ఇదే, అయితే ఒక షరతు మీద: ఆ పరికరంలో ఒక్క పేరే ఉండాలి. టీవీలో రెండు పేర్లూ సేవ్ అయి ఉంటే మళ్లీ మొదటికే వస్తుంది కాబట్టి, అక్కర్లేనిదాన్ని ‘ఫర్గెట్’ చేయాలి. ఆపిల్ పరికరాల్లో సేవ్ చేసిన నెట్‌వర్క్‌లు ఒకే ఖాతాలోని ఇతర పరికరాలకూ పాకుతాయి కనుక అక్కడ ఫర్గెట్ చేయడం కంటే ‘ఆటో జాయిన్’ ఆపడం మేలు.

ఫోన్లకు మాత్రం ఈ పద్ధతి ఇబ్బందే. రెండు పేర్లు తెలిసిన ఫోను ఒక పేరు నుంచి ఇంకో పేరుకు సాధారణంగా మొదటిది పూర్తిగా అందకుండా పోయాకే వెళ్తుంది. ఒకే పేరుతో ఉన్నప్పటికంటే ఎక్కువ మొండిగా అతుక్కుంటుందన్నమాట. ఇంట్లో పెద్దవాళ్లకు ‘పైకి వెళ్లినప్పుడల్లా వైఫై మార్చుకోండి’ అని చెప్పి ఊరుకోవడం పరిష్కారం కాదు.

అందుకే మధ్యే మార్గం ఒకటుంది. చాలా రౌటర్లలో ఒకే పాయింటు మీద ఒకటికి మించి పేర్లు ప్రసారం చేయవచ్చు. రెండు పాయింట్ల మీదా ఉమ్మడి పేరు ఒకటి ఉంచి, పై పాయింటు మీద మాత్రం అదనంగా ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి, పైన స్థిరంగా ఉండే పరికరాలను దానికి కలిపితే ఫోన్లకూ ఇబ్బంది ఉండదు, టీవీ కూడా దారి తప్పదు. అదనపు పేరును గెస్ట్ నెట్‌వర్క్‌గా పెడితే అది మిగిలిన పరికరాలతో మాట్లాడనివ్వదు. ప్రింటర్, టీవీ కాస్టింగ్ వంటివి పనిచేయాలంటే ఆ నిర్బంధం ఎత్తేయాలి. ఒకటి రెండు అదనపు పేర్లకు మించి పెంచుకుంటూ పోకూడదు, ఎందుకంటే ప్రతి పేరు కోసమూ పాయింటు సెకనుకు దాదాపు పదిసార్లు ప్రకటన పంపుతూనే ఉంటుంది.

పరికరంలోనే చిరునామాను బిగించడం

ఫలానా బీఎస్‌ఎస్‌ఐడీ ఉన్న పాయింటుకు తప్ప దేనికీ కలవకూడదని పరికరానికే చెప్పడం అన్నిటికంటే కచ్చితమైన మార్గం. కానీ అది అందరికీ అందుబాటులో లేదు. లినక్స్ వాడేవారికి అదృష్టవశాత్తూ ఉంది: నెట్‌వర్క్ మేనేజర్‌లో ఆ కనెక్షన్ వివరాలు తెరిస్తే బీఎస్‌ఎస్‌ఐడీ అనే గడి ఉంటుంది, అందులో పాయింటు చిరునామా ఇస్తే చాలు. విండోస్ సెట్టింగ్స్‌లో అటువంటి గడి లేదు. నెట్‌ష్ ఆదేశంతో పెట్టే వడపోతలు కూడా పేరును బట్టి పనిచేసేవే గాని చిరునామాను బట్టి కాదు. ఐఫోన్‌లో లేదు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోనూ లేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఒక యాప్ తన అవసరం కోసం నిర్దిష్ట చిరునామాను కోరే వీలుంది గాని, అది ఫోను మొత్తానికి శాశ్వతంగా పనికొచ్చే ఏర్పాటు కాదు.

బిగించేముందు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. బ్యాండుకో చిరునామా ఉంటుంది కనుక పాయింటుతో పాటు బ్యాండు కూడా బిగుసుకుపోతుంది. 5 గిగాహెర్ట్జ్ చిరునామా ఇస్తే 2.4కు వెళ్లే దారి మూసుకుపోయినట్టే. రేపు ఆ పాయింటు కాలిపోయి కొత్తది పెడితే, పేరూ పాస్‌వర్డూ అవే అయినా ఆ పరికరం కలవదు. ఇంకో మాట: ఈ చిరునామాను ఎవరైనా నకలు చేయగలరు, కాబట్టి ఇది దారి చూపే ఏర్పాటే తప్ప భద్రత కాదు.

విండోస్ వారికి ఇంతకంటే మెత్తని మార్గమొకటి ఉంది. ఇంటెల్ వైఫై కార్డుల్లో డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి, ఆ కార్డు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరిస్తే ‘రోమింగ్ అగ్రెసివ్‌నెస్’ అనే సెట్టింగ్ కనిపిస్తుంది. 1 నుంచి 5 దాకా మెట్లు, మామూలుగా 3 మీద ఉంటుంది. ఎక్కడ పడితే అక్కడికి తీసుకెళ్లే ల్యాప్‌టాప్ పాత పాయింటును వదలకపోతే 4కు పెంచవచ్చు. బల్ల మీద కదలకుండా ఉండే కంప్యూటర్ ఊరికే అటూ ఇటూ మారుతుంటే 1కి తగ్గించాలి. అక్కడే ‘ప్రిఫర్డ్ బ్యాండ్’ అని మరొకటుంది. దాన్ని 5 గిగాహెర్ట్జ్‌గా ఎంచుకుంటే శ్లాబు దాటి వచ్చే కింది సిగ్నల్ బలహీనపడి, పైదానికే మొగ్గు పెరుగుతుంది.

రౌటర్ నుంచి కట్టివేయడం

టీపీ లింక్ ఒమాడా, యూబిక్విటీ యూనిఫై అనే శ్రేణుల పాయింట్లలో ఒక్కొక్క పరికరం వివరాల్లో ‘లాక్ టు ఏపీ’ (ఈ యాక్సెస్ పాయింటుకే కట్టేయి) తరహా సెట్టింగ్ ఉంటుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించే టీపీ లింక్ డెకో యాప్‌లో కూడా పరికరం పేరు మీద నొక్కి ఏ డెకోకు, ఏ బ్యాండుకు కలవాలో ఎంచుకునే వీలును చాలా మోడళ్లకు ఇచ్చారు. పరికరంలో ఏమీ మార్చనక్కర్లేదు, అందుకే టీవీ, కెమెరా, ఎయిర్ ప్యూరిఫయర్ వంటి సెట్టింగులు లేని వస్తువులకు ఇది చక్కగా సరిపోతుంది. కొత్తగా పరికరాలు కొనబోతున్నవారు ఈ సౌకర్యం ఉందో లేదో ముందే చూసుకుని కొనడం మంచిదని గట్టిగా చెబుతాను.

ఆ సౌకర్యం లేని రౌటర్లలో మ్యాక్ ఫిల్టర్‌తో ఇదే పని చేయించవచ్చు (ఇక్కడ మ్యాక్ అంటే ఆపిల్ కంప్యూటర్ కాదు, ప్రతి వైఫై పరికరానికీ ఉండే గుర్తింపు చిరునామా): పై గది టీవీ మ్యాక్ చిరునామాను కింది రౌటర్ నిరాకరణ జాబితాలో పెడితే, దానికి పైదే గతి. టీవీలకు, ప్రింటర్లకు ఇది బాగానే నడుస్తుంది. ఫోన్ల దగ్గరే చిక్కు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ చిరునామా బదులు వైఫై పేరుకొకటి చొప్పున కల్పించుకున్న చిరునామా వాడుతున్నాయి. చిరునామాలో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఏదైనా అయితే అది కల్పించినదని గుర్తుపట్టవచ్చు. పైగా ఒకే పేరున్న రెండు పాయింట్లలో ఒకటి పదేపదే వద్దంటే, కొన్ని ఫోన్లు ఆ పేరు మొత్తం పనికిరాదనుకుని పక్కన పెట్టేస్తాయి. ఫోన్ల మీద ఈ ప్రయోగం వద్దు.

బలహీనమైనవారిని బయటికి పంపడం

యూనిఫైలో ‘మినిమమ్ ఆర్‌ఎస్‌ఎస్‌ఐ’, ఆసుస్ రౌటర్లలో ‘రోమింగ్ అసిస్టెంట్’, మైక్రోటిక్‌లో యాక్సెస్ లిస్టులోని సిగ్నల్ రేంజ్. పేర్లు వేరైనా చేసే పని ఒకటే: పరికరం సిగ్నల్ ఒక గీత కంటే పడిపోతే పాయింటు దాన్ని బయటికి పంపుతుంది. చూడ్డానికి దివ్యంగా కనిపించే ఈ సెట్టింగే ఇళ్లలో ఎక్కువ తలనొప్పి తెస్తుంది. ఎందుకంటే బయటికి పంపడం వరకే పాయింటు చేతిలో ఉంది. ఎక్కడికి పోవాలో చెప్పలేదు. గేటు దగ్గరున్న కెమెరాకు వేరే పాయింటు అందకపోతే మళ్లీ అదే పాయింటుకు వస్తుంది, మళ్లీ బయటపడుతుంది, రికార్డింగ్‌లో ఖాళీలు మిగులుతాయి.

తప్పనిసరై వాడాలనుకుంటే గీతను ఊహించి పెట్టకూడదు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఫోనుకు అందే పాయింటు సిగ్నల్ కాదు, పాయింటుకు అందే ఫోను సిగ్నల్. ఫోను ప్రసార శక్తి తక్కువ కాబట్టి ఈ అంకె సాధారణంగా మరింత కింద ఉంటుంది. ఆ పాయింటు మీదే ఆధారపడే చిట్టచివరి మూలకు వెళ్లి, రౌటర్ క్లయింట్ల (కలిసి ఉన్న పరికరాల) జాబితాలో కనిపించే అంకె చూసి, దానికంటే మరో 5 డెసిబెల్స్ కిందికి గీత పెట్టాలి. అటువంటి మూల -75 చూపిస్తే గీత -80 దగ్గర ఉండాలి.

శక్తి తగ్గించడం: నా మొదటి ఓటు

తిరిగే పరికరాలకు అన్నిటికన్నా నమ్మదగిన మార్గం ఇదే, అయినా జనం చివరగా ఆలోచించేదీ ఇదే. వైఫై బాగా రావాలని రెండు పాయింట్లనూ పూర్తి శక్తితో పెడతారు, అదే ఫోన్లు మారకపోవడానికి కారణమవుతుంది. పైన చెప్పిన ఐఫోన్ లెక్కకే మళ్లీ వస్తే, కింది రౌటర్ శక్తిని 20 డీబీఎం నుంచి 14కు, అంటే 100 మిల్లీవాట్ల నుంచి 25కు తగ్గించామనుకోండి. పై గదిలో దాని సిగ్నల్ -68 నుంచి -74కు పడుతుంది. గీత దాటింది కాబట్టి ఫోను వెతుకుతుంది, -45తో ఉన్న పాయింటు 29 డెసిబెల్స్ మెరుగని చూస్తుంది, మారుతుంది. ఎవరూ ఎవర్నీ కట్టేయలేదు, బయటికి పంపలేదు, ఫోనులో ఒక్క సెట్టింగ్ కూడా మార్చలేదు.

శక్తి తగ్గిస్తే కింద వేగం పడిపోతుందేమోనన్న భయం సహజమే. పాయింటు అరిచినంత గట్టిగా ఫోను తిరిగి అరవలేదు కాబట్టి ఆ చివరి మూలల్లో సంబంధం తెగేది ఎక్కువగా ఫోను వైపు నుంచే. పాయింటు శక్తిని కొంత తగ్గించినంత మాత్రాన పోయేది పెద్దగా ఉండదు. ముందుగా 2.4 గిగాహెర్ట్జ్‌లో తగ్గించాలి, ఎందుకంటే శ్లాబులనూ ఇటుక గోడలనూ ఎక్కువగా దాటేది అదే. దాన్ని 5 గిగాహెర్ట్జ్ శక్తి కంటే 6 డెసిబెల్స్ తక్కువగా ఉంచితే పరికరాలు వేగవంతమైన బ్యాండు వైపే మొగ్గుతాయి. ఇంటర్నెట్ కంపెనీ రౌటర్లలో ఇది శాతాలుగానో, హై, మీడియం, లో అనో ఉంటుంది. ఒక్కో మెట్టు దించి ఇల్లంతా నడిచి చూడాలి. కొన్నిటిలో ఈ సెట్టింగ్‌ను తెరవనివ్వరు. అప్పుడు రౌటర్ వైఫైని పూర్తిగా ఆపేసి, రెండంతస్తులకూ మన సొంత పాయింట్లే పెట్టుకోవడం ఉత్తమం.

ఆఫీసులకూ కళాశాల ల్యాబ్‌లకూ దీనికి తోడు కనిష్ఠ వేగాన్ని పెంచడం మంచి ఫలితమిస్తుంది. 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ అనే పాతకాలపు వేగాలను ఆపేస్తే దూరం నుంచి వేలాడే పరికరాలు వాటంతటవే వదులుకుంటాయి, ప్రకటనలు పట్టే సమయం కూడా తగ్గుతుంది. బాగా పాత బిల్లింగ్ యంత్రాలు, బార్‌కోడ్ స్కానర్లు ఉన్న దుకాణాల్లో మాత్రం ముందు వాటిని పరీక్షించాలి.

802.11కే, 802.11వీ అనే అదనపు సౌకర్యాలు రౌటర్‌లో ఉంటే ఆన్ చేసుకోవచ్చు. మొదటిది చుట్టుపక్కల పాయింట్ల జాబితా ఇస్తుంది, రెండోది మారమని సూచిస్తుంది. మారాలా వద్దా అన్నది మళ్లీ పరికరం ఇష్టమే. 802.11ఆర్ పాయింటు మారేటప్పుడు పట్టే సమయాన్ని తగ్గిస్తుంది గాని మారేలా చేయదు. యూజర్ నేమ్‌తో లాగిన్ అయ్యే పెద్ద సంస్థల్లో దాని ప్రయోజనం ఎక్కువ. మామూలు పాస్‌వర్డ్ ఉన్న ఇంట్లో లాభం స్వల్పం, పాత పరికరాలు కలవకుండా మొరాయించే అవకాశం ఉంది కనుక ఇంట్లో ఆపి ఉంచడమే నా సలహా.

స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు, కరెంటు కోతలు

వీటిని విడిగా చెప్పక తప్పదు. కింది రౌటర్ చిన్న యూపీఎస్ మీద ఉంటుంది, పై పాయింటు నేరుగా కరెంటు మీద ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు పై గది స్మార్ట్ ప్లగ్గు కొన్ని సెకన్లలోనే లేచి వైఫై వెతుకుతుంది. పై పాయింటుకు లేవడానికి నిమిషం పైనే పడుతుంది. ఆ సమయంలో కనిపించేది కింది రౌటర్ ఒక్కటే కాబట్టి ప్లగ్గు దానికే చేరిపోతుంది. ఇలాంటి వస్తువుల్లో చాలావాటికి మెరుగైన పాయింటు కోసం మళ్లీ వెతికే అలవాటు లేదు, కాబట్టి మళ్లీ కరెంటు పోయేదాకా అక్కడే ఉంటాయి. యాప్‌లో ‘ఆఫ్‌లైన్’ అని అప్పుడప్పుడూ కనిపించడానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. దీనికి విరుగుడు ఏ సెట్టింగూ కాదు, పై పాయింటును కూడా యూపీఎస్ మీదికో ఇన్వర్టర్ లైను మీదికో మార్చడం. అది కుదరకపోతే పాయింటుకు ప్రత్యేకమైన పేరు పెట్టి ప్లగ్గులను దానికే కలపాలి. ఇవి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసినవి కనుక ఆ పేరు ఆ బ్యాండులో ఉండాలి. ప్లగ్గుల్లో టాస్మోటా (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించుకున్నవారు సెట్‌ఆప్షన్ 56ను ఆన్ చేస్తే లేచినప్పుడు బలమైన పాయింటును ఎంచుకుంటుంది, 57ను ఆన్ చేస్తే ప్రతి 44 నిమిషాలకూ మళ్లీ వెతుకుతుంది. అటువంటిదే అయిన ఈఎస్‌పీ హోమ్ వాడేవారు నేరుగా బీఎస్‌ఎస్‌ఐడీనే రాసిపెట్టవచ్చు.

టీవీకీ, డెస్క్‌టాప్ కంప్యూటర్‌కూ లాన్ వైరు లాగే వీలుంటే మాత్రం పైన చెప్పిన వాటిలో ఏదీ అక్కర్లేదు. చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయినా 4కే సినిమాకు అది ధారాళంగా సరిపోతుంది, పైగా అవి తప్పుకున్న మేరకు వైఫై ఫోన్లకు ఖాళీ అవుతుంది. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారు ప్రతి అంతస్తు హాలుకూ పడకగదికీ ఒక్కో పైపులో క్యాట్ 6 వైరు వేయించుకుంటే, పై పాయింటుకు కూడా అదే వైరు పనికొస్తుంది.

మార్పులు ఒక్కొక్కటిగా చేయాలి. శక్తి తగ్గించాక ఫోనులో వీడియో కాల్ నడుపుతూ హాలు నుంచి పై గదికి, అక్కడి నుంచి బాల్కనీకి మామూలు నడకతో వెళ్లి, ప్రతి చోటా అర నిమిషం ఆగి ఏ బీఎస్‌ఎస్‌ఐడీకి కలిసి ఉందో, సిగ్నల్ ఎంతుందో రాసుకోవాలి. ఎక్కడైనా -70 కంటే పడిపోతూ రెండో పాయింటు కూడా అందకపోతే అక్కడ శక్తి ఎక్కువ తగ్గించినట్టు, ఒక మెట్టు పెంచాలి. ఫోన్లు సరిగ్గా మారుతున్నాయని తేలాకే కదలని పరికరాల లాకులూ పేర్లూ చూసుకోవాలి. అవి పూర్తయ్యాక మెయిన్ స్విచ్ ఒకసారి ఆపి, వేసి, అయిదు నిమిషాల తర్వాత రౌటర్ క్లయింట్ల జాబితా తెరిచి ఏది ఎక్కడ చేరిందో సరిచూసుకోవాలి.